నూటొకటో కొడుకు ఏమైనట్టు?
భివండి పద్మశాలీల వారసత్వ పరిరక్షణ - ఒక పరిశీలన

తెలంగాణ పల్లెల వలసను మూడు మాటల్లో చెప్పే నానుడి ఒకటుంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఇందులోని బొంబాయిలో భివండి కూడా కలిసే ఉంది. ఠాణే జిల్లాలోని ఈ మరమగ్గాల పట్టణానికి కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మెదక్ ప్రాంతాల సాలె కుటుంబాలు తరతరాలుగా వెళ్లి స్థిరపడ్డాయి. పద్మానగర్ అక్కడ తెలుగువాళ్ల పేటగా పేరుపడింది. భివండిలోనే కాదు, షోలాపూరులోనూ సూరత్‌లోనూ ముంబయిలోనూ పద్మశాలి సంఘాల సాంస్కృతిక జీవితం దాదాపు ఒకే తీరుగా సాగుతుంది. మార్కండేయ జయంతి, శ్రావణంలో నూలు పున్నమి, దసరాకు ముందు బతుకమ్మ, వీలైనప్పుడు ఒక ప్రత్యేక సంచిక. వారసత్వాన్ని కాపాడుకోవాలన్న మాట ఈ వేదికల మీద తరచు వినబడుతుంది. ఏది వారసత్వం, దాన్ని ఇన్నాళ్లూ ఎవరు మోశారు అన్న ప్రశ్న మాత్రం అరుదు. ఆ ప్రశ్నను ఈ సంఘాలన్నీ తమదిగా చెప్పుకునే కథనే ఆధారంగా చేసుకుని వేయవచ్చునని నా అభిప్రాయం.

కథ అందరికీ తెలిసినదే. మృకండుడి కొడుకు మార్కండేయుడు పదహారేళ్ల ఆయుష్షుతో పుట్టి శివుణ్ణి ఆశ్రయించి యముణ్ణి గెలిచాడు. ఆయన చేసిన హోమంలోంచి భావనారుషి పుట్టాడు. విష్ణువు నాభికమలం తూటినుంచి నూలు తీసి దేవతలకు వస్త్రాలు నేశాడు, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడు, నూటొక్కమంది కొడుకులను కన్నాడు. ఇక్కడ మన విద్యార్థులు ఒక పొరపాటు పడకుండా జాగ్రత్తపడాలి. మారన రచించిన మార్కండేయపురాణం ఇది కాదు. తిక్కన శిష్యుడైన మారన, కాకతీయుల సేనానాయకుడు గన్నయకు అంకితమిచ్చిన ఆ కావ్యంలో మార్కండేయుడు పురాణానికి పేరు ఇచ్చిన ముని. పెద్దన మనుచరిత్రకు మూలమైన స్వారోచిషుడి కథ అందులోనిది. నేతపనికీ దానికీ సంబంధం లేదు. సాలెవారి మార్కండేయ పురాణం, దాన్నే భావనారుషి పురాణమనీ అంటారు, నోటి మీద నడిచిన కులపురాణం. పేరు ఒకటే కావడంవల్ల కొన్ని సంచికల్లో రెండూ కలిసిపోతుంటాయి. మౌఖిక కథకు మారన కావ్యం ప్రతిష్ఠను అరువు తెచ్చుకోవాలన్న తాపత్రయం అందులో కనిపిస్తుంది. ఆ అరువు ఈ కథకు అవసరం లేదు.

ఇప్పుడు ఆ నూటొక్కమంది సంగతి. ఈనాటి సంఘాల పుస్తకాల్లో నూటొక్కమందీ గోత్రకర్తలే. గోత్రాల పట్టిక వరసగా అచ్చవుతుంది, పెళ్లి సంబంధాలకు అదే ఆధారం. థర్‌స్టన్, రంగాచారి 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణభారత కులాల గ్రంథంలో మరో పాఠం నమోదైంది. దాని ప్రకారం నూటొక్కమందిలో నూరుగురు నేతపట్టారు. వాళ్ల సంతతి పద్మశాలీలు. మిగిలిన ఒక్కడి సంతతి సాలెవారిని అడిగి బతికే ఆశ్రితులు, అంటే కూనపులివారు. ఈ రెండు పాఠాలకు మధ్య తేడా ఒక్క అంకెది. కాని ఆ ఒక్కడిలోనే కథ పరమార్థమంతా ఉందని నేననుకుంటాను.

కూనపులివారు ఎవరు? పద్మశాలీల ఇళ్ల ముందు పటం విప్పి భావనారుషి కథ చెప్పేవారు. తెలంగాణలో చాలా కులాలకు ఇలాంటి ఆశ్రిత గాయకులు ఉన్నారు: ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు, గొల్లలకు మందహెచ్చులవారు. వారి పటాలను నకాషీ చిత్రకారులు వేసేవారు. ఆ పని చేర్యాలలో ఇంకా నిలిచి ఉంది. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసి, ఎర్రని నేలమీద అడ్డవరసలుగా బొమ్మలు వేస్తారు. పటం మూడడుగుల వెడల్పున నలభై అడుగుల పైదాకా సాగేది. కథ సాగినకొద్దీ పటం విప్పుకుంటూ పోతారు. కూనపులివారు ఏటేటా తమ హక్కు ఊళ్లకు వచ్చి కథ చెప్పి, సాలె ఇళ్లనుంచి తమ భాగం తీసుకుని పోయేవారు.

తీసుకున్నది భిక్షమా, వాటానా? నూటొకటో కొడుకు కథ ఈ ప్రశ్నకు జవాబు. అన్నలు నేస్తారు, తమ్ముడు ఆ నేతకథ చెబుతాడు. అన్నల మగ్గంలో తమ్ముడికి పాలుంది. కథ చెప్పేవాడు కథలోకే వచ్చి తన హక్కుపత్రాన్ని అందులో రాసుకున్నాడన్నమాట. మన జానపద పురాణాల్లో ఇంత తెలివైన సంవిధానం మళ్లీ మళ్లీ దొరకదు. వెల్చేరు నారాయణరావు 1986లో అచ్చయిన తన ప్రసిద్ధ వ్యాసంలో ఆరు తెలుగు జానపద ఇతిహాసాలను తీసుకుని యుద్ధకథలనీ బలిదానకథలనీ రెండు జాతులుగా విడదీశారు. భావనారుషి కథ ఆ రెంటిలోనూ సరిగా ఇమడదు. ఇందులో పొలం కోసం పోరు లేదు, మానం కోసం అగ్నిప్రవేశం లేదు. పని ఎలా పుట్టింది, పని ఫలం ఎవరెవరికి చెందాలి అన్నదే ఇందులోని విషయం.

అచ్చయిన పాఠం చేసిన పని ఆ తమ్ముణ్ణి గోత్రాల పట్టికలో ఒక పేరుగా మార్చేయడం. ఎవరో కుట్రపన్ని చేసిందని అనడం లేదు. అచ్చుపుస్తకానికి చెప్పేవాడు అక్కరలేదు, కనుక చెప్పేవాడి హక్కూ అక్కరలేకపోయింది. పైగా ఆశ్రితుడి హక్కు ఊరికి కట్టుబడినది. ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబానివి అన్న పంపకం మీద అది నడిచింది. ఆ ఊళ్ల సాలెవాడ సగం ఖాళీ అయి ఠాణే జిల్లాకు తరలిపోతే హక్కు ఎక్కడ వసూలు కావాలి? ఊరేగింపులో మార్కండేయుడి విగ్రహం ఉంటుంది, బ్యాండు ఉంటుంది, ముఖ్య అతిథి ఉంటాడు. కథను తరాలపాటు మోసినవాడికి అక్కడ కేటాయించిన చోటు లేదు.

వారసత్వ పరిరక్షణ అన్నప్పుడు మరో విశేషం గమనించాలి. పాత పటం చివికిపోతే కూనపులివారు కొత్తది వేయించుకుని, పాతదాన్ని శాస్త్రోక్తంగా నీళ్లలో కలిపేవారు. వస్తువు పోయేది, కథ నిలిచేది. మనం ఇప్పుడు దీన్ని సరిగ్గా తలకిందులు చేశాం. చేర్యాల పటం అద్దాల చట్రంలో డ్రాయింగ్‌రూముకు చేరింది. కథ విప్పేవాళ్లు తగ్గిపోయారు. మ్యూజియం కట్టాలన్న కోరిక సంఘాల్లో వినబడినప్పుడల్లా నాకు ఈ నిమజ్జనమే గుర్తుకొస్తుంది.

అయితే ఊరేగింపును తేలిక చేసి మాట్లాడటం న్యాయం కాదు. భివండిలో ఊరేగింపుకు ఉన్న బరువు వేరు. 1970 మే నెలలో శివజయంతి ఊరేగింపు సందర్భంగా చెలరేగిన మతకలహాలపై జస్టిస్ మదన్ కమిషన్ విచారణ జరిపింది. 1984లో మళ్లీ ఊరు తగలబడింది. అలాంటి పట్టణంలో తమ దేవుణ్ణి శాంతంగా వీధిలోకి తెచ్చి తీసుకుపోవడమంటే, మేమూ ఈ ఊరివాళ్లమేనని చెప్పుకోవడం. మరాఠీ మాట్లాడేవారి మధ్య, ఉర్దూ మాట్లాడేవారి మధ్య తెలుగు నేతగాడికి ఆ అవసరం ఉంది. నా విమర్శ ఊరేగింపు ఉందని కాదు, ఊరేగింపుతోనే పని తీరిపోయిందనుకోవడం మీద.

ఎందుకంటే భావనారుషికీ భివండికీ మధ్య ఉన్న చరిత్ర అంతా ఈ వేడుకల్లో దాటిపోతోంది. హోమంలోంచి పుట్టిన ఋషి తర్వాత సరాసరి సంఘం అధ్యక్షుల సందేశమే. నడుమ గుంటమగ్గం, కరువు, వడ్డీ, బొంబాయి రైలు, షెడ్డులో పన్నెండు గంటల పాళీ, ఇవేవీ లేవు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షలమంది మొదలుపెట్టిన బొంబాయి మిల్లుల సమ్మె, మిల్లుల నేతపనిని పెద్దఎత్తున భివండి షెడ్డులకు తరలించింది. ఆ సంవత్సరాలను చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. పశ్చిమ భారతపు చిన్నపట్టణాల నేతమీద డగ్లస్ హేన్స్ 2012లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకమే వెలువరించాడు. దక్షిణాది నేతగాళ్ల జానపద సంప్రదాయాలమీద విజయా రామస్వామి 2013లో ‘ది సాంగ్ ఆఫ్ ది లూమ్’ ప్రచురించారు. బయటివాళ్లు ఇంత శ్రద్ధ పెట్టిన చోట మన ప్రత్యేక సంచికలు ప్రకటనలతోనూ ఫొటోలతోనూ నిండిపోవడం విచారకరం.

భాషా విద్యార్థులకు ఇందులో ప్రత్యేకమైన పని ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశాన్ని ప్రచురించింది. మొదటి సంపుటం 1962లో వ్యవసాయ పదాలది, రెండవది 1971లో చేనేత పదాలది. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు, ఆసు వంటి మాటలు ప్రాంతానికొక తీరుగా ఎలా మారాయో అందులో చూడవచ్చు. అది చేనేతకోశం, పైగా రాష్ట్రం హద్దులకు లోబడినది. మరమగ్గం దగ్గర పుట్టిన తెలుగు అందులోకి రాలేదు.

ఆ తెలుగు ఎలాంటిదో చెప్పడానికి సిరిసిల్ల ఒక మంచి సాక్ష్యం. భివండి వంటి చోట్ల మరమగ్గం పని నేర్చుకుని తిరిగి వచ్చినవాళ్లే సిరిసిల్లలో ఆ మగ్గాలు పెట్టారు. అక్కడ మరమగ్గాన్ని ‘సాంచె’ అంటారు. గుజరాతీలో ‘సాంచో’ అంటే యంత్రం. బొంబాయి మిల్లుల మరాఠీ కార్మికులు మగ్గాన్ని ‘సాచా’ అనేవారు. మగ్గం వచ్చిన దారినే మాటా వచ్చిందనుకోవడానికి ఇంతకంటే ఆధారం ఏం కావాలి? యజమాని దగ్గర నూలు తెచ్చి కూలికి నేయించే చిన్న మగ్గాలవాణ్ణి సిరిసిల్లలో ‘ఆసామి’ అంటారు. తెలుగు పల్లెలో ఆసామి అంటే భూమీ పరువూ ఉన్న గృహస్థు. ఇక్కడ నూలు తనది కాదు, గుడ్డ తనది కాదు, అప్పుమాత్రం తనది. ఒక్క పదం అర్థం మారిన తీరులో ఒక పరిశ్రమ చరిత్ర ఉంది. వైపని, వార్పిన్, భీము అన్న మాటలకూ ఇలాంటి చరిత్రలే ఉండాలి. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలను సిరిసిల్ల మరమగ్గాలకు అప్పగించినప్పుడు ఈ మాటలు కొన్ని పత్రికలకెక్కాయి. వాటికి పుట్టిల్లయిన భివండి షెడ్డులలో వాటిని రాసిపెట్టినవారు లేరు. నాడె లేని కొత్త మగ్గాలు వస్తున్న కొద్దీ నాడెతో ముడిపడిన మాటలు కూడా ఒక్కొక్కటే వాడుక తప్పుతాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ లేదా ఇంగ్లీషు, షెడ్డులో హిందీ అన్న పరిస్థితిలో పెరుగుతున్న మూడోతరానికి వాటిని అప్పగించే వేదిక ఏదీ లేదు. ఉత్సవ వేదిక ఆ పని చేయగలదు. ఇంతవరకు దానికి అది తట్టలేదు.

భివండి విద్యార్థికి మాత్రమే దొరికే మరో అవకాశం ఉంది. పక్క షెడ్డులో నేసేది మోమిన్ అన్సారీలు. వారి పూర్వులు ఉత్తర భారతం నుంచి వచ్చినవారు. వారికీ ఒక నేతపురాణం ఉంది. ‘ముఫీదుల్ మోమినీన్’ అనే ఉర్దూ పుస్తకాన్ని ఉత్తరప్రదేశ్ అన్సారీల నడుమ దీపక్ మెహతా అధ్యయనం చేసి 1997లో ప్రచురించాడు. అందులో మొదటి నేతగాడు ఆదం. ఆయనకు నేత నేర్పింది దేవదూత జిబ్రయీల్. ఒకచోట తామరతూడు, ఒకచోట దేవదూత. ఇద్దరూ తమ పని పైనుంచి వచ్చిందనే చెప్పుకున్నారు; ఇద్దరినీ కింద కూర్చోబెట్టిన సమాజానికి ఇద్దరూ ఇచ్చిన జవాబు ఒక్కటే. ఒకే ఇనప మగ్గానికి అటూ ఇటూ నిలబడిన ఈ రెండు పురాణాలను పక్కపక్కన పెట్టి చదివిన తెలుగు వ్యాసం నా కంటపడలేదు. 1970నీ 1984నీ చూసిన ఊళ్లో అలాంటి వ్యాసానికి సాహిత్య ప్రయోజనం ఒక్కటే కాదు, వేరే విలువ కూడా ఉంటుంది.

పని మొదలుపెట్టడానికి నిధులు, భవనాలు అక్కరలేదు. రాబోయే నూలు పున్నమికి సంఘం వేసే సంచికలో నాలుగు పుటలు అడిగి తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లలో ఊరి గుంటమగ్గమూ భివండి సాంచె రెండూ ఎరిగినవాళ్లు ఒక్కరైనా ఉంటే వారి దగ్గర కూర్చుని, ఒక్కొక్క భాగానికి అక్కడేమనేవారు, ఇక్కడేమంటున్నారు అని రెండు వరసలుగా రాసుకోండి. హిందీ మాట అయినా మరాఠీ మాట అయినా దిద్దకుండా, వారు పలికినట్టే రాయండి. చివర ఇంకొక్క ప్రశ్న అడగండి: మీ ఊరికి కథ చెప్పడానికి వచ్చిన కూనపులివాళ్లు ఏ ఊరివాళ్లు, చివరిసారి ఎప్పుడు వచ్చారు, ఏమిచ్చి పంపారు?