దాది మోసిన కబురు

నాటకం చదివేటప్పుడు చిన్న పాత్రల కోసమే మరోసారి వెనక్కి వెళ్లడం నాకు అలవాటు. రాజుల్ని ఎవరైనా రాస్తారు. రాసేవాడి పనితనం వచ్చిపోయే వాళ్ల దగ్గరే పట్టుబడుతుంది.

గ్రీకు పురాణాల్లో శాపగ్రస్త వంశాలకు కొదవ లేదుగానీ, ఆట్రియస్ వంశానిది మరీ ఘోరం. తాత టాంటలస్ కన్నకొడుకునే కోసి దేవతలకు వడ్డించాడు. దేవతలు బతికించిన ఆ కొడుకు పెలాప్స్, తనను రథపందెంలో గెలిపించిన సారథి మిర్టిలస్‌ను సముద్రంలోకి తోసేశాడు. చస్తూ ఆ సారథి పెట్టిన శాపం మనవల దాకా తగిలిందంటారు. ఆట్రియస్ తమ్ముడికి అతని పిల్లల మాంసమే తినిపించాడు. ఆట్రియస్ కొడుకు అగమెమ్నాన్ కన్నకూతుర్ని బలిచ్చాడు, భార్య క్లైటెమ్నెస్ట్రా చేతిలో చచ్చాడు.

క్రీ.పూ. 458లో ఏస్కిలస్ ఈ కథను మూడు నాటకాలుగా ఆడించాడు. రెండోదాంట్లో అగమెమ్నాన్ కొడుకు ఒరెస్టిస్ తండ్రి పగ తీర్చుకోవడానికి మారువేషంలో వచ్చి, ఒరెస్టిస్ చనిపోయాడని తానే కబురు చెబుతాడు. తన ప్రియుడు ఏజిస్థస్‌ను అంగరక్షకులతో సహా పిలుచుకురమ్మని రాణి ముసలి దాదిని పంపుతుంది. దాది పేరు కిలిస్సా. అంటే సిలీసియా మనిషి, అంతే. బానిసకు ఊరే పేరు.

ఆమె ఏడుస్తూ వస్తుంది. విధి గురించి ఒక్క మాటా అనదు. నేనైతే అనిపించేవాణ్ణే! పసివాడి రాత్రి ఏడుపులు, ఆకలో దాహమో చెప్పలేని వయసు, తడిపిన గుడ్డలు, వాటిని తానే ఉతకడం... ఇదీ ఆమె గోడు. పిండార్ కవితలో బాలుణ్ణి తల్లి చేతికి చిక్కకుండా కాపాడేది దాదే. ఏస్కిలస్ ఆమెకు ఆ సాహసం ఇవ్వలేదు, ఉతుకుడు ఇచ్చాడు.

ఎక్కడ ఇచ్చాడో చూడండి. కాసేపటికి క్లైటెమ్నెస్ట్రా రొమ్ము చూపించి, నీకు పాలిచ్చినదాన్ని, చంపకు అని కొడుకును వేడుకుంటుంది. అప్పటికే దాది గోడు విన్న ప్రేక్షకుడికి ఆ మాట ఎలా వినబడుతుంది? వాదన లేదు, ఖండన లేదు. ఒరెస్టిస్ తడబడితే అంతవరకూ మౌనంగా ఉన్న స్నేహితుడు పిలాడీస్ మూడే పంక్తులు మాట్లాడతాడు. కత్తి ఆగదు.

దాదికి ఇంకో పని కూడా ఉంది. రక్షకుల ఊసెత్తకు, ఒంటరిగా రమ్మని చెప్పు అంటారు కోరస్ స్త్రీలు. ఎందుకని ఆమె అడిగితే సగం చెప్పీ చెప్పక పంపేస్తారు. ఏజిస్థస్ ఒంటరిగానే వస్తాడు. ఆమె మళ్లీ రంగస్థలం మీదికి రాదు.