తీర్పును మార్చు అంకె

కుడివైపు పొత్తికడుపులో నొప్పితో వచ్చిన రోగికి శస్త్రచికిత్స చేయవలెనా, కొన్ని గంటలు కనిపెట్టి చూడవలెనా అను సందేహమును కాగితముపై పెట్టదలచిన వైద్యుడు తొలుత చిన్న చతురస్రమును గీయును. అది తన చేతనున్న నిర్ణయము. దానినుండి చీలిన కొమ్మలపై వృత్తములను గీయును. అవి తన చేత లేని సంభావ్యతలు. కొమ్మల చివరనున్న ఫలితములకు విలువ కట్టి, సంభావ్యతలతో హెచ్చించి, కొసనుండి మొదటికి కూడుకొనుచు వచ్చినచో ఏది మేలో తేలును. డెసిషన్ ట్రీ అనబడు ఈ నిర్ణయవృక్షమును విద్యార్థులకు బోధించునపుడెల్ల, అందలి అంకెలను పరీక్షించుటయే వైద్యునికి అసలైన వివేకమని నాకు తోచుచుండును.

ఈ పరీక్షకే సెన్సిటివిటీ ఎనాలిసిస్ అని పేరు. తక్కినవానిని కదపక ఒక్క అంకెను మాత్రము నమ్మదగిన కనిష్ఠమునుండి గరిష్ఠమువరకు జరుపుచు, తీర్పు ఎచ్చట తారుమారగునో కనుగొనుట దీని పద్ధతి. చికిత్సకు అట్టి హద్దును లెక్కగట్టు సూత్రమును పాకర్, కాసిరర్ అను అమెరికా వైద్యులు 1975లో ప్రతిపాదించి, 1980లో దానిని రోగనిర్ధారణ పరీక్షలకును విస్తరింపజేసిరి. వ్యాధి లేనివానికి చికిత్సవలన కలుగు కీడును, ఆ కీడును వ్యాధిగలవానికి కలుగు మేలును కలిపిన మొత్తముచే భాగించినచో వచ్చునదే ఆ హద్దు.

మాటవరుసకు ఒక రోగికి మేలు 9 పాళ్లు, కీడు 1 పాలు అనుకొందము. హద్దు నూటికి 10 అగును; వ్యాధి యున్నదను అనుమానము దానిని మించినచో చికిత్సయే తగును. మరొక రోగి హృద్రోగియైన వృద్ధుడై, కీడు 3 పాళ్లకు పెరిగినచో, హద్దు 25 అగును. అపెండిసైటిస్ అను అనుమానము నూటికి 40 అయినను 60 అయినను ఇరువురికిని శస్త్రచికిత్సయే తగును గనుక, ఆ రెండంకెల నడుమ వాదులాడుచు కాలహరణము చేయుట వ్యర్థము. అనుమానము 15 అయినపుడు మాత్రము ఒకరికి కత్తి, మరొకరికి నిరీక్షణ తగును. ఎచ్చటి అజ్ఞానము ప్రమాదకరమో, ఎచ్చటిది నిరపాయమో ఇంత స్పష్టముగా చూపు సాధనమును నేను మరొకదాని నెరుగను.

కొన్ని వ్యాధులలో తీర్పును మార్చు అంకె రోగి మనస్సులోనే యుండును. గుండెలయ తప్పు ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో, రక్తము గడ్డకట్టకుండ చేయు వార్ఫరిన్ పక్షవాతపు భయమును తగ్గించును, రక్తస్రావపు భయమును పెంచును. ఈ రెండు ఆపదలలో దేనికెంత వెరచునో రోగియే చెప్పవలెను. తీర్పు ఆ విలువపై ఆధారపడియున్నప్పుడు వైద్యుడు దానిని తానే ఊహించి లెక్కలో వేసికొనుట అన్యాయము.

కావున పాఠకులకు నా మనవి: వైద్యుడు మీకొక చికిత్సను సూచించినపుడు, ఏ విషయము మారినచో ఈ సలహా మారునో తప్పక అడుగుడు.