హిస్టరీ మాస్టారు నేర్పిన ఆట

1965 జనవరిలో మేరీలాండ్ రాష్ట్రం హయట్స్‌విల్‌లోని డిమాథా కాథలిక్ హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ప్రాక్టీసు చిత్రంగా సాగింది. బుట్ట కింద నిలబడ్డ కుర్రాడి చేతిలో టెన్నిస్ రాకెట్ ఉండేది. ఎవరు షాట్ వేసినా దాన్ని ఎత్తి బంతిని అడ్డుకోవడమే అతని పని. రాకెట్‌కు అందకూడదంటే బంతిని అలవాటుకు మించి ఎత్తుగా, వంపుగా వెయ్యాలి.

ఆ రాకెట్ లూ ఆల్సిండర్ చేతికి బదులు. కరీం అబ్దుల్ జబ్బార్‌గా లోకమంతా ఎరిగిన ఆ ఏడడుగుల మనిషి అప్పటికి న్యూయార్క్ పవర్ మెమోరియల్ స్కూలు విద్యార్థి. అతని జట్టు వరుసగా 71 మ్యాచ్‌లు గెలిచి ఉంది. అంతకు ముందు ఏడాది డిమాథాను మూడు పాయింట్ల తేడాతో ఓడించింది కూడా. జనవరి 30న కోల్ ఫీల్డ్ హౌస్‌లో 12,500 మంది ముందు డిమాథా 46–43తో గెలిచింది. ఆల్సిండర్‌కు దక్కినవి 16 పాయింట్లే.

డిమాథా కోచ్ మోర్గన్ వుటెన్ పేరు చెప్పగానే అందరికీ ఈ గెలుపే గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆ రాకెట్టే గొప్పగా తోస్తుంది. ఆయన అదే స్కూల్లో ప్రపంచ చరిత్ర పాఠం చెప్పే మాస్టారు. రేపు ఎదురయ్యే కష్టాన్ని ఇవాళే కళ్లముందు నిలబెట్టి అలవాటు చెయ్యడం మంచి మాస్టారి పద్ధతే. ప్రాక్టీసులో ఏ నిమిషం ఏం చెయ్యాలో ముందే రాసుకుని వచ్చేవారు.

ఆయన పిల్లలకు బాగా ఒంటబట్టిన మరో విద్య ‘ఛార్జ్ తీసుకోవడం’. బంతితో దూసుకొచ్చేవాడి దారిలో ముందే పాదాలు ఊని నిలబడాలి. ఢీని ఛాతీతో తట్టుకోవాలి. పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, కూలబడుతూ వెనక్కి జారాలి, తల నేలకు తగలకూడదు. ఫౌల్ దూసుకొచ్చినవాడిది, బంతి మనది. పొట్టివాడైనా, నెమ్మదైనవాడైనా జట్టుకు ఈ మేలు చెయ్యగలడు. కావలసిందల్లా దెబ్బకు సిద్ధపడే గుండె, సరైన చోటికి ఒక్క అడుగు ముందే చేరే చూపు.

వుటెన్ మొదలుపెట్టింది ఓటములతోనే. 1951లో ఒక అనాథాశ్రమం పిల్లలకు బేస్‌బాల్ నేర్పితే ఆ జట్టు ఆడిన 16 ఆటలూ ఓడిపోయింది. 1956లో డిమాథాకు వచ్చారు. కాలేజీల నుంచి పిలుపులు వచ్చినా 2002 దాకా అక్కడే ఉన్నారు. 1,274 గెలుపులు, 192 ఓటములు. 1996లో కాలేయ మార్పిడి జరిగాక కూడా కోర్టుకు తిరిగొచ్చారు. 2000లో నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ని చేర్చుకుంది. 2020లో కన్నుమూశారు.

ఈ అంకెలన్నిటికన్నా నాకు విలువైనది ఇంకొకటుంది. వరుసగా 30 ఏళ్లు ఆయన జట్టులో ఆఖరి ఏడాది చదివిన ప్రతి కుర్రాడికీ కాలేజీ స్కాలర్‌షిప్ దక్కింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లకు కూడా! దేవుడు, కుటుంబం, చదువు, ఆ తర్వాతే బాస్కెట్‌బాల్ అని ఆయన పిల్లలకు వరస చెప్పేవారు. మన స్కూళ్లలో పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారు ఆటల పీరియడ్‌ను తీసేసుకుంటారు. చదువుకూ ఆటకూ పడదని మనం ఎప్పుడో తీర్మానించుకున్నాం. వుటెన్ దగ్గర ఆ రెండింటికీ మాస్టారు ఒకరే.

ఆయన దగ్గర ఆడి, ఆయనకే సహాయకుడిగా పనిచేసిన మైక్ బ్రే తర్వాత 23 ఏళ్లు నోటర్ డేమ్ యూనివర్సిటీ జట్టుకు కోచ్‌గా ఉన్నారు. కొడుకు జో వుటెన్ కూడా తండ్రి దారే పట్టి హైస్కూలు పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పడమే వృత్తిగా ఎంచుకున్నారు.