నాలుగు మెట్ల మీద మహతి

మైపాడు దారిలో, రొయ్యల గుంటలు దాటాక వచ్చే ఒక పల్లెలో ఆదివారం సాయంత్రాలు పిల్లలకు సంగీతం చెబుతున్నాను. మొన్న ఒకరోజు హార్మోనియం మీద నాలుగంటే నాలుగే మెట్లు వాయించాను. ఒకటో శ్రుతిలో మొదటి తెల్ల మెట్టు షడ్జమం, మూడోది అంతర గాంధారం, అయిదోది పంచమం. ఏడో తెల్ల మెట్టుకు ముందున్న నల్ల మెట్టు కైశికి నిషాదం. చర్చిలో కీబోర్డు వాయించే కుర్రవాడు వెంటనే ‘‘సార్, ఇది సీ సెవెన్ కార్డు కదా’’ అన్నాడు. ‘‘అవును నాయనా, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు దీన్నే మహతి రాగం చేశారు’’ అన్నాను.

కుర్రవాడు చెప్పింది తప్పు కాదు. పాశ్చాత్య సంగీతంలో ఈ నాలుగు స్వరాలూ ఒకేసారి మోగుతాయి. మోగిన మరుక్షణం చెవి మధ్యమం కోసం వెతుక్కుంటుంది. వాడి వేళ్లు కూడా అలవాటుగా అక్కడికే పోయాయి. మహతిలో ఆ మధ్యమం లేదు. స్వరాలు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి, నిషాదం దాకా వెళ్లి పై షడ్జమానికి ఎక్కాలి, లేదా పంచమానికి దిగాలి. చేరాలనుకున్న చోటు దొరకని ఆ ఆర్తే మహతికి ప్రాణమని నాకనిపిస్తుంది. నారదుడి వీణ పేరు మహతి. 1967లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’లో నారదుడి వేషం వేసింది కూడా బాలమురళే.

ఆయన గొంతును తలుచుకోని తెలుగు ఇల్లు లేదు. అయితే ఆ గొంతు వెనక దాగిపోయిన మనిషి ఒకరున్నారు, ఆయనే వాగ్గేయకారుడు బాలమురళి. మాట రాసేదీ వరుస కట్టేదీ ఒకరే అయితే వాగ్గేయకారుడంటాం. ఆయన 400కు పైగా రచనలు చేశారు. తెలుగులోనే కాదు, సంస్కృత, కన్నడ, తమిళ భాషల్లోనూ రాశారు. ‘మురళి’ అన్న ముద్ర వాటిలో వినిపిస్తుంది.

1930 జూలై 6న గోదావరి సీమలోని శంకరగుప్తంలో పుట్టారు. తండ్రి పట్టాభిరామయ్య సంగీత విద్వాంసులు. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు, బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే కన్నుమూశారు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. త్యాగరాజస్వామి శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి పంతులు. తిరువయ్యారు నుంచి విజయవాడకు తెగకుండా వచ్చిన తీగ అది. కొత్తదనం చేశాడని బాలమురళిని తప్పుపట్టేవారు ఈ వంశాన్ని గుర్తుపెట్టుకోవాలి.

పదిహేను, పదహారేళ్ల ప్రాయంలో ఆయన పెట్టుకున్న పని 72 మేళకర్తల్లోనూ కృతులు రాయడం. అదెంత బరువైన పనో కాస్త వివరంగా చెప్పాలి. షడ్జమం, పంచమం కదలవు. రిషభ గాంధారాలను ఆరు జతలుగా, ధైవత నిషాదాలను ఆరు జతలుగా అమర్చవచ్చు. మధ్యమాలు రెండు. ఆరు ఆర్లు ముప్పయ్యారు, రెండు మధ్యమాలకు డెబ్బై రెండు. వీటిలో 40 వివాది మేళాలు. అంటే శుద్ధ రిషభం పక్కనే శుద్ధ గాంధారం నిలబడినట్టు, రెండు స్వరాలు ఒకదానికొకటి మరీ దగ్గరగా పడతాయి. గొంతు అక్కడ తడబడుతుంది, చెవికి ఇరుకుగా ఉంటుంది. ఇలాంటి మేళంలో వరుస కట్టేవాడు ఆ ఇరుకును దాటవేయకూడదు, దాన్నే అందంగా చూపించాలి. తమిళంలో కోటీశ్వర అయ్యర్ ఈ పని చేశారు. మన కుర్రవాడు మీసం మొలిచే వయసులో చేశాడు! ఆ కృతులు ‘జనకరాగ మంజరి’గా 1952లో పుస్తకమయ్యాయి, తర్వాత ‘రాగాంగ రావళి’ పేరుతో రికార్డులుగానూ వచ్చాయి.

ఆ తర్వాత ఎదురుదారి పట్టారు, ఏడు స్వరాల నుంచి నాలుగుకు దిగారు. మహతి, లవంగి, సుముఖం అలా వచ్చినవే. లవంగిలో షడ్జమం కాక శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం ఉంటాయి, అంతే. సర్వశ్రీలో మూడే స్వరాలు. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలన్నది పెద్దల మాట. వీణ ఎస్. బాలచందర్ ఈ రాగాలను గట్టిగా వ్యతిరేకించారు. నా మటుకు నాకు లెక్క కన్నా అనుభవం ముఖ్యం. మహతి, లవంగి పాడుతుంటే అరగంటయినా రాగం నిలుస్తుంది, కొత్త దారులు చూపిస్తుంది. సర్వశ్రీలో ఆ చోటు నాకు కనిపించలేదు. 1975లో ‘అపూర్వ రాగంగళ్’ సినిమాలో ఎం.ఎస్. విశ్వనాథన్ మహతిలో పాట కట్టారు. కచేరీ గడప తొక్కనివాళ్లకు కూడా ఆ రాగం అలా చేరింది.

తాళంలోనూ బాలమురళి ఊరుకోలేదు. చప్పుడు పడే క్రియల దగ్గర గతి మార్చి త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి అనే పద్ధతి తెచ్చారు. ఇక తిల్లానాల సంగతి నాట్యం చేసేవాళ్లను అడగాలి. కదనకుతూహల రాగం ఆరోహణ మెట్టు మెట్టూ ఎక్కదు, నిషాదం దాకా పోయి గాంధారం మీదికి దూకుతుంది. ఆయన తిల్లానాలో జతులు ఆ దూకుడుతోనే ఆడుకుంటాయి.

ఇన్ని రచనలున్నా వాటిని పాడేవాళ్లు కావాలి. పాశ్చాత్య సంగీతంలో స్వరకర్త ఏ వాద్యం ఎప్పుడు పలకాలో కాగితం మీద రాసి ఇస్తాడు. మన కృతి అలా పూర్తి కాదు. పాడేవాడు సంగతులు వేసుకోవాలి, నెరవుకు తగిన చోటు వెతుక్కోవాలి. పాడేవాడు లేకపోతే కృతి బతకదు.

బాలమురళి 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు. పద్మవిభూషణ్, సంగీత కళానిధి, ఫ్రెంచి ప్రభుత్వ గౌరవం అన్నీ బతికుండగానే అందుకున్నారు. అందనిది ఒక్కటే, మన పిల్లల పాఠాల్లో చోటు. నెల్లూరు, కావలి, గూడూరు, ఎక్కడైనా సరే, సంగీతం చెప్పే నా తోటివారికి మనవి: పుష్య బహుళ పంచమికి, త్యాగరాజ ఆరాధన కోసం పంచరత్నాలు సాధన చేయిస్తున్నప్పుడు, త్యాగయ్య శిష్యవంశంలో పుట్టిన ఈ తెలుగువాడి కృతి ఒక్కటైనా పిల్లలకు నేర్పండి. మహతితో మొదలుపెట్టండి, నాలుగే మెట్లు.