గంటలు కుదిర్చే పని

డిగ్రీ కళాశాలలో తెలుగు శాఖకో చరిత్ర శాఖకో కొత్తగా ఇన్‌చార్జ్ అయినవారి చేతికి ముందుగా వచ్చేది బీరువా తాళం. లోపల స్టాకు రిజిస్టరు, శాఖ పుస్తకాల జాబితా, మినిట్స్ పుస్తకం, పాత ప్రశ్నపత్రాల కట్టలు ఉంటాయి. జాబితాలోని ప్రతి పుస్తకాన్నీ అరలో వెతికి, నంబరు సరిచూసి, దొరికినదానికి టిక్కు పెట్టి, ఆ తర్వాతే చార్జి తీసుకున్నట్టు సంతకం చేయాలి. పని విసుగ్గానే ఉంటుంది. ఓపికగా చేసినవారికి మాత్రం ఆ శాఖ ఇన్నేళ్లూ ఏ పుస్తకాన్ని అట్టలు ఊడేదాకా చదివిందో, దేన్ని కొని ముట్టుకోకుండా వదిలేసిందో అక్కడే తెలిసిపోతుంది.

కోనసీమనే తీసుకోండి. అమలాపురంలో ఎస్.కె.బి.ఆర్. కళాశాల 1951లో మొదలైంది. రాజోలు, కొత్తపేట, రావులపాలెం, ముమ్మిడివరంలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలున్నాయి. ఇలాంటి కళాశాలల్లో ఆర్ట్స్ శాఖలంటే తరచు ఒకరో ఇద్దరో అధ్యాపకులు. ఒక్కరే ఉన్నచోట పాఠం చెప్పేదీ, రిజిస్టర్లు రాసేదీ, శాఖ తరఫున మాట్లాడేదీ వారే. అంత చిన్న శాఖ కళాశాల మొత్తాన్నీ తాకే చోటు ఒకటుంది. అది టైంటేబుల్‌లో భాషల పీరియడ్.

దాని అమరిక చూడండి. ఇంగ్లీషుతోపాటు విద్యార్థి తెలుగో, హిందీయో, సంస్కృతమో రెండో భాషగా తీసుకుంటాడు. బి.ఎస్సీ. తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురు మూడు భాషలవారు కావచ్చు. ఆ గంట కొట్టగానే తరగతి మూడుగా చీలి మూడు గదులకు వెళ్లాలి. బి.ఏ., బి.కాం. నుంచి అదే భాషవారు వచ్చి వాళ్లతో కలవాలి. అంటే మూడు భాషలూ ఒకే వేళకు నడవాలి, ముగ్గురు అధ్యాపకులూ ఆ వేళకు ఖాళీగా ఉండాలి, మూడు గదులుండాలి, వాటిలో ఒకటి అందరికన్నా పెద్ద గుంపును పట్టాలి. ఈ నాలుగూ కుదిరే గడి వారం మొత్తంలో ఎన్నోచోట్ల దొరకదు. అందుకే అనుభవమున్నవారు ఖాళీ పట్టికలో ముందు భాషల గడులు నింపుతారు. తర్వాత సైన్సువారి ప్రాక్టికల్స్ పెడతారు, ఎందుకంటే అవి వరసగా గంటలు అడుగుతాయి, మధ్యలో తెంపడానికి వీల్లేదు. గంటల లెక్కన వచ్చే గెస్ట్ ఫ్యాకల్టీ రోజులు ఆపైన. ఎటైనా జరపగల పీరియడ్లు చివరికి. కదలనివాటిని ముందు నిలబెట్టి, కదిలేవాటిని వాటి సందుల్లో ఇమడ్చడం ఇందులోని కిటుకు. వరస తారుమారైతే చివరి రెండు గడుల దగ్గర పట్టికంతా చెరిపి మళ్లీ వేయాల్సి వస్తుంది. ఈ పనికి పెన్సిలే వాడేది అందుకే.

పట్టిక నిండాక మూడు తనిఖీలున్నాయి. ఒక్కో అధ్యాపకుడి పేరు పట్టుకుని వారమంతా నడిచి చూడాలి, ఒకే వేళకు రెండుచోట్ల పడ్డాడేమోనని. అలాగే ఒక్కో తరగతిని, ఆపైన ఒక్కో గదిని. నాలుగోది ఏ కాగితం మీదా ఉండదు. సఖినేటిపల్లి వైపు నుంచో కాట్రేనికోన వైపు నుంచో బస్సెక్కి వచ్చే పిల్లలు మొదటి గంటకు అందుకుంటారా, ఆఖరి గంట విని ఇల్లు చేరగలరా? నాకు అన్నిటికన్నా గౌరవం కలిగేది ఈ నాలుగో తనిఖీ చేసేవారి మీదే.

ఈ పట్టికలోంచే వర్క్‌లోడ్ లెక్క పుడుతుంది. 2018 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్ 14 గంటలు పాఠం చెప్పాలి. శాఖకు 40 గంటల బోధన ఉండి ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లే ఉన్నారనుకోండి. 32 పోను 8 మిగులుతాయి. ఆ 8 గంటలూ ఏ సెమిస్టరువి, ఏ పేపరువి, ఏ తరగతివి అని విడివిడిగా రాసి చూపిస్తేనే గెస్ట్ ఫ్యాకల్టీని అడగడానికి ఆధారం. మనిషి కావాలన్న మాటను గడులుగా మార్చి చూపడం చిన్న విద్య కాదు. సరిగ్గా కట్టిన ఒక్క కూడిక ఒక సబ్జెక్టును ఆ ఊళ్లో నిలబెడుతుంది.

ఇంతవరకూ చట్రం. దాన్ని దేనితో నింపాలన్నదానికి మన దగ్గర గొప్ప ఉదాహరణ ఉంది. 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ బాధ్యత చేపట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలోనే ఆ ఏడాది మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, వచ్చింది. రైతుల నోటి మాటలను ప్రాంతాలవారీగా సేకరించి కూర్చిన పుస్తకమది. ఒక శాఖ తన ఊరి వైపు ఎలా తిరగవచ్చో అది చూపిస్తుంది.

కోనసీమ శాఖకు ఆ వీలు చేతికందేంత దగ్గర. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు చేసే సామాజిక సేవా ప్రాజెక్టుకు 180 గంటలున్నాయి. ఆ గంటల్లో కొబ్బరి పని మాటలు సేకరించవచ్చు. అంబాజీపేట మార్కెట్ ధరల్లో కురిడీ కొబ్బరిని గండేరా, గటగట అని విడదీసి వెయ్యి కాయల లెక్కన చెబుతారు. దింపు, ఒలుపు పనులవాళ్ల మాటలు వేరే. ఇక్కడ ఇన్‌చార్జ్ నేర్పంతా ప్రశ్నల పత్రంలో కనిపిస్తుంది. 'గటగట అంటే ఏమిటి' అని అడిగితే ఒక్క ముక్కలో జవాబొస్తుంది. రెండు రకాల కాయలూ చేతికిచ్చి, ఎలా వేరు చేస్తారో చూపించమంటే కాయ ఊపడం, చెవి దగ్గర పెట్టుకోవడం, బరువు చూడటం లాంటివి ఏవున్నా బయటికొస్తాయి, ప్రతి చేతకూ దాని మాట వెంట వస్తుంది. ప్రశ్నలు పని నడిచే వరసలోనే ఉండాలి: చెట్టు, దింపు, రాశి, ఒలుపు, బేరం. అప్పుడు చెప్పేవాళ్లు తడుముకోరు, ఏ మెట్టు దగ్గర మాట దొరకలేదో రాసేవాళ్లకూ తెలుస్తుంది.

ఒక్కో మాటకూ ఒక్కో చీటీ. పైన మాట, కింద ఆ మాట వచ్చిన వాక్యం విన్నది విన్నట్టు, ఆపైన చెప్పినవారి ఊరు, పని, వయసు, రాసుకున్న తేదీ. చీటీలన్నీ అకారాదిగా కట్టి, కట్టకు నంబరు వేసి, స్టాకు రిజిస్టరులో ఎక్కించి బీరువాలో పెట్టాలి. తర్వాత చార్జి తీసుకునేవారు టిక్కు పెడుతూ వచ్చి ఆ నంబరు దగ్గర ఆగి కట్ట విప్పుతారు.