న్యాయవార్తల తెలుగు: కడప జిల్లా శ్రోతల దృష్టితో ఒక విచారణ

కావ్యము, నాటకము, నవల మాత్రమే విమర్శకు విషయములని తలచువారు కలరు. జనులు ప్రతిదినము చదువుచు, వినుచు ఉండు వచనము కూడ విమర్శకు లోబడవలసినదే యని మా అభిప్రాయము. ఏలయన, భాషను తీర్చిదిద్దుటలో గ్రంథముల కంటె ఆ వచనమునకే నేడు బలమెక్కువ. అట్టి వచనములో న్యాయస్థానముల వార్త ఒక ప్రత్యేక శాఖ. ఒకప్పుడు పత్రికలకును ఆకాశవాణికిని పరిమితమైన ఈ శాఖ నేడు టీవీ చర్చలలోను, యూట్యూబులోను, పాడ్‌కాస్టులలోను విస్తరించినది. ప్రొద్దుటూరి బంగారు అంగళ్లలోను, జమ్మలమడుగు టీ అంగళ్లలోను, పులివెందుల చీనీతోటలలోను సెల్‌ఫోనున సుప్రీంకోర్టు వార్త వినువారు పెక్కురు. ఈ వచనము వారికి రాజ్యాంగమును ఎంతవరకు తెలుపుచున్నది? ఎచ్చట మరుగుపరచుచున్నది? ఇదియే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా ఈ వచనమునకు ప్రాణమైన కొన్ని మాటలను పరిశీలింతము. ఒకరి అభ్యర్థనను న్యాయస్థానము అంగీకరించినచో ‘ఊరట’. త్రోసిపుచ్చినచో ‘చుక్కెదురు’ లేక ‘ఎదురుదెబ్బ’. ప్రభుత్వమును ప్రశ్నించినచో ‘మొట్టికాయలు’ లేక ‘అక్షింతలు’. ఇవి అచ్చమైన తెలుగు నుడికారములు. అందుచేతనే శీర్షికలలో చక్కగా ఇముడుచున్నవి. కాని వీని అర్థమును విడదీసి చూడుడు. చుక్క యనగా శుక్రుడు. ప్రయాణమునకు శుక్రుడు ఎదురగుట అశుభమను నమ్మకమునుండి ‘చుక్కెదురు’ పుట్టినది. అనగా అది గ్రహగతికి చెందిన మాట. ఊరట నొప్పి తగ్గినవానికి కలుగునది. మొట్టికాయ బడిపంతులు కుఱ్ఱవానికి పెట్టునది. న్యాయస్థానపు నిర్ణయము ఈ మాటలలో ఒకప్పుడు గ్రహచారముగను, ఒకప్పుడు ఉపశమనముగను, ఒకప్పుడు దండనగను కనబడుచున్నది. హేతువుగ మాత్రము ఎన్నడును కనబడదు. కాని రాజ్యాంగ న్యాయమునకు సారము హేతువే. కారణము చెప్పక చేయు నిర్ణయము ఆజ్ఞ యగునే కాని తీర్పు కానేరదు.

ఈ లోపము ఎల్ల ప్రాంతములందును హానికరమే యైనను, రాయలసీమలో మఱింత హానికరము. ఇచటి పల్లెలలో ‘పార్టీ’ యను మాటకు రాజకీయ పక్షము కంటె ముందు ఊరి వర్గమను అర్థము కలదు. ఎవరు గెలిచిరి, ఎవరు ఓడిరి అను దృష్టి ఇచట అనాయాసముగ అలవడును. న్యాయవార్త కూడ గెలుపోటముల భాషలోనే వచ్చినచో, న్యాయస్థానము వర్గములకు అతీతమైన మూడవ స్థానమను భావము శ్రోత మనస్సున నిలువదు. అదియు ఏదో ఒక వర్గమునకు అక్కఱకు వచ్చిన బలముగనే తోచును.

ఉదాహరణమునకు దూరము పోనక్కఱలేదు. మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి 2019 మార్చి 15న పులివెందులలోని స్వగృహమున హత్యకు గురియైరి. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించెను. 2022 నవంబరు 29న సుప్రీంకోర్టు విచారణను కడపనుండి హైదరాబాదులోని సీబీఐ ప్రత్యేక న్యాయస్థానమునకు బదిలీ చేసెను. ఎవరు దోషులు, ఎవరు కారు అను నిర్ణయము న్యాయస్థానమునకు చెందినది. మా విచారణ వార్తల భాషకు మాత్రమే పరిమితము.

బదిలీ ఉత్తర్వును గూర్చిన వార్తలలో ‘ఎదురుదెబ్బ’, ‘ఊరట’ యను మాటలు రెండును వినబడినవి. వినినవారిలో కొందఱు, నేరము ఋజువైనట్లే యని తలచిరి. వాస్తవమున బదిలీకి నేరనిర్ణయముతో సంబంధము లేదు. మృతుని భార్యయు కుమార్తెయు కోరినది నిష్పాక్షికమైన విచారణ. సాక్షులు నిర్భయముగ సాక్ష్యము చెప్పగల వాతావరణము లేదను శంక సహేతుకమైనచో విచారణను వేఱొకచోటికి మార్పవచ్చును. న్యాయము జరుగుట మాత్రమే చాలదు, జరుగుచున్నట్లు కనబడవలెను. ఈ సూత్రము ఫిర్యాదికి ఎంత రక్షయో నిందితునికిని అంత రక్ష. బదిలీకి హైదరాబాదును ఎంచుకొనుటలో సాక్షులకు కలుగు ప్రయాసయు గణనకు వచ్చినది. ఇంతటి వివేచన ‘ఎదురుదెబ్బ’ యను ఒక్క మాటలో మునిగిపోయినది.

రెండవ ఉదాహరణము వాక్స్వాతంత్ర్యమునకు సంబంధించినది. 2024 ఎన్నికల ప్రచారమున ఈ హత్యను ప్రస్తావింపరాదని కడప జిల్లా న్యాయస్థానము ఏప్రిల్ 16న కొందఱు నాయకులను నిషేధించెను. మే 13న ఆంధ్రప్రదేశమున పోలింగు జరిగెను. మే 17న సుప్రీంకోర్టు ఆ నిషేధము అమలును నిలిపివేసెను. వార్తలలో ఇదియు ‘ఊరట’యే యైనది. కాని నాలుగు దినములకు ముందే వోట్లు పడినవి. ఇక ఊరట యెవరికి? మాటలాడు హక్కు మాటలాడువానిది మాత్రమే కాదు, వినువానిది కూడ. సమాచారమును పొందు హక్కు భావప్రకటన స్వాతంత్ర్యములో అంతర్భాగమని సుప్రీంకోర్టు 1995లో, ఆకాశతరంగములు ప్రజల సొత్తని చెప్పిన తీర్పులోనే, స్పష్టపఱచినది. ఆ దృష్టితో చూచినచో ఆ నెల దినములలో నష్టపడినవారు నాయకులు మాత్రమే కారు. జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో, పులివెందులలో వినదలచిన వోటరులు కూడ. తమకు సంబంధించిన హక్కు తమ ప్రమేయము లేకయే పోయి, తమకు తెలియకయే తిరిగి వచ్చినది. న్యాయవార్త చెప్పవలసిన విషయమిది. చెప్పకపోయిన విషయమును ఇదియే.

ఇచట ఒక ఆక్షేపణము రావచ్చును. ‘సామాన్య శ్రోతకు న్యాయశాస్త్రపు హేతువులు రుచింపవు, అర్థము కావు’ అని కొందఱందురు. మేము దీనిని అంగీకరింపజాలము. వకాల్తా, వాయిదా, దావా, జప్తు, జామీను, డిక్రీ యను మాటలు అక్షరజ్ఞానము లేని రైతునకును తెలియును. ఇవి యన్నియు అన్యభాషాపదములే. భూమి తగాదాలలో అవసరము కలుగుటచే అతడు వానిని నేర్చెను. ఒక్కొక్క మాట ఏ దశకు చెందినదో, దానివలన ఏమి జరుగునో అతడు ఎఱుగును. క్రికెట్టు ఆటలోని ఎల్‌బీడబ్ల్యూ వంటి చిక్కు నియమమును తెలుగు వ్యాఖ్యాతలు ఊరూర తెలియజేసిరి. కావున లోపము శ్రోత బుద్ధిలో లేదు. చెప్పువాని శ్రద్ధలో కలదు.

రెండవ మార్గము కృతకమైన పరిభాష. అధికారిక తెలుగు అనువాదము ‘సంవిధానము’, ‘అనుచ్ఛేదము’ అనుచుండగా పత్రికలు ‘రాజ్యాంగము’, ‘అధికరణము’ అనుచున్నవి; జనులు ‘ఆర్టికల్’ అనుచున్నారు. ఒకే వస్తువునకు ఇన్ని పేరులున్నపుడు శ్రోతకు వస్తువే సందేహమగును. పులివెందుల ప్రాంతమున పైడిపాళెమున జన్మించిన రాచమల్లు రామచంద్రారెడ్డి ఈ సమస్యను లోతుగ విచారించిన విమర్శకులు. వారి ‘అనువాద సమస్యలు’ గ్రంథమునకు 1988లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము లభించినది. అనువాదము పదమునకు పదము పెట్టుట కాదు, భావమును తెలుగు నుడికారమున పలికించుట యను ప్రమాణమును న్యాయవార్తకును అన్వయింపవచ్చునని మా నమ్మకము. ఈ ప్రమాణమున శీర్షికల భాషలో నుడికారమున్నది, భావము లేదు. అధికార పరిభాషలో భావమున్నది, నుడికారము లేదు.

ఈ రెండును కలిసిన వచనము తెలుగున అసాధ్యమా? కాదనుటకు కె. బాలగోపాల్ ప్రసంగములు నిదర్శనము. గణితాధ్యాపకులుగ నుండి, పౌరహక్కుల ఉద్యమమున పనిచేసి, పిదప న్యాయవాదియై 2009లో మరణించిన వారి ప్రసంగముల ధ్వనిముద్రణలు నేటికిని అంతర్జాలమున వినబడుచున్నవి. చిన్న వాక్యము, తెలిసిన ఉదాహరణము, అటుపిమ్మట సూత్రము — ఇది వారి పద్ధతి. వారి అభిప్రాయములతో ఏకీభవింపనివాడు కూడ ఏ విషయమున ఏకీభవింపలేదో స్పష్టముగ చెప్పగలడు. విషయవివరణకు ఇంతకు మించిన గుణము లేదు.

పాడ్‌కాస్టునకు ఇచట గొప్ప అవకాశము కలదు. పత్రికకు స్థలము తక్కువ, వార్తాప్రసారమునకు కాలము తక్కువ. గంటసేపు మాటలాడు పాడ్‌కాస్టునకు ఆ సాకు లేదు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనపు వాదములు 2022 సెప్టెంబరు 27నుండి ప్రత్యక్షముగ ప్రసారమగుచున్నవి. కాని 348వ అధికరణము ననుసరించి ఆ న్యాయస్థానపు భాష ఇంగ్లీషు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తెలుగున తీర్పు వెలువరించుట శుభారంభమే యైనను, అది నేటికిని విశేషముగనే యున్నది. కావున వ్యాఖ్యాతయే అనువాదకుడు. అతడు శీర్షిక భాషనే గంటసేపు సాగదీసినచో ప్రయోజనము లేదు.

న్యాయవార్త మూడు విషయములను తెలుపవలెనని మేము భావింతుము: వ్యవహారము ఏ దశలో నున్నది, న్యాయస్థానము చెప్పిన కారణమేమి, ఇంకను తేలవలసినదేమి. ఇట్లు చెప్పుట కష్టము కాదు. పైని చెప్పిన మే 17 నాటి వార్తనే చూడుడు: ‘కడప కోర్టు విధించిన నిషేధము అమలును సుప్రీంకోర్టు ప్రస్తుతానికి ఆపినది. అవతలివారి వాదన వినకయే మాటలాడు హక్కును అడ్డగించిరని కారణము చెప్పినది. నిషేధము చెల్లునా, చెల్లదా యను తుది నిర్ణయము ఇంకను జరుగవలసియున్నది.’ మూడు వాక్యములు, కఠినపదమొక్కటియు లేదు, గెలిచినవాడును ఓడినవాడును లేరు.

పరిశోధక విద్యార్థులు ఒక ఏడాది న్యాయవార్తలను సేకరించి, ఏ మాట ఏ ఉత్తర్వునకు వాడబడినదో పోల్చి చూచినచో ఈ విచారణ ఇంకను దృఢపడును. జామీను, జప్తు నేర్చిన జనులకు తమ హక్కుల మాటలు మాత్రము అందకపోవుట వారి నేరము కాదు. ఆ మాటలను అందింపవలసినవారు తెలుగును బోధించు మనమే.