పెంపుడు జీవి మరణం - తెలుగు రచనల్లో దుఃఖానికి దక్కిన గుర్తింపు

వ్యాససంగ్రహం:

పెంచుకున్న కుక్క జబ్బుపడి మరణించినప్పుడు మనిషి అనుభవించే దుఃఖానికి తెలుగు సమాజంలో స్థిరమైన పేరుగాని, ఆచారంగాని లేదు. తెలుగు సాహిత్యం మాత్రం ఈ దుఃఖాన్ని తొలినాళ్ల నుంచే గుర్తించింది. ఆంధ్రమహాభారతంలోని సరమ వృత్తాంతం, మహాప్రస్థానికపర్వంలోని శునకం కథ, సూరి నాగమ్మ 'శ్రీరమణాశ్రమ లేఖలు' ఆధారంగా ఆ గుర్తింపు స్వభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. జంతువుపట్ల ప్రేమ దానంతట అదే నైతికత కాదని, పక్కనున్న మనిషికి కూడా అందినప్పుడే దానికి ఆ విలువ వస్తుందని 1985 నాటి కారంచేడు ఘటన నేపథ్యంలో ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పెంపుడు జంతువు, కరుణరసం, సరమ, సూరి నాగమ్మ, లేఖాసాహిత్యం, కారంచేడు.

1. ప్రవేశిక:

'కుక్కచావు' అనే మాట తెలుగులో శాపనార్థం. ఏడ్చేవారు, మోసేవారు లేని చావు అని దాని భావం. ఇలాంటి మాట వాడుకలో ఉన్న భాషలో, పెంచుకున్న కుక్క కోసం ఏడ్చే మనిషి ఏ మాట వాడాలి? 'చచ్చింది' అనడానికి నోరు రాదు. 'చనిపోయాడు' అంటే వినేవారు నవ్వవచ్చు. అందుకే చాలామంది 'పోయింది' అని ఊరుకొంటారు. ఈ మరణానికి మైల లేదు, పదోరోజు లేదు, పరామర్శ లేదు. సెలవు చీటీలో రాయదగిన కారణంగా కూడా దీన్ని ఎవరూ భావించరు. సమాజం గుర్తించని, బాహాటంగా చెప్పుకోవడానికి వీలులేని ఇటువంటి దుఃఖాన్ని అమెరికన్ పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో వెలువరించిన గ్రంథంలో ప్రత్యేక భావనగా చర్చించాడు. దీన్ని తెలుగులో 'గుర్తింపు దక్కని దుఃఖం' అనవచ్చు.

2. కరుణరసం - జాతి నియమం:

వేటగాడి బాణానికి క్రౌంచపక్షి నేలకూలినప్పుడు దాని జంటపక్షి విలాపం విని వాల్మీకి శోకం శ్లోకమైందని సంప్రదాయం చెబుతుంది. అంటే ఆదికావ్యానికి మూలం ఒక పక్షి మరణమే. అయినా పశుపక్ష్యాదులలోని భావాలు రసస్థాయిని అందుకోవని, అవి రసాభాసమేనని పలువురు ఆలంకారికులు భావించారు. ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. ఆ చర్చ జంతువు అనుభవించే భావానికి సంబంధించినది. జంతువు కోసం మనిషి పడే శోకం వేరు. కరుణరసానికి లాక్షణికులు చెప్పిన కారణాల్లో 'ఇష్టనాశం' ప్రధానమైనది. ఆ 'ఇష్ట' శబ్దానికి జాతి నియమం లేదు. కాబట్టి పెంపుడు జీవి మరణం కరుణరసానికి ఆలంబనం కావడానికి శాస్త్రపరంగా అడ్డంకి కనిపించదు. అడ్డంకి ఉన్నది లోకరీతిలోనే.

3. సరమ: తల్లి ఫిర్యాదు:

నన్నయ ఆదిపర్వంలో కథాభాగపు తొలి ఘట్టాల్లోనే ఒక కుక్క దుఃఖం ఉంది. జనమేజయుని యాగస్థలికి వచ్చిన సారమేయుణ్ణి రాజు తమ్ములు కొట్టారు. ఆ కుక్కపిల్ల తల్లి సరమ నేరుగా రాజు ముందుకు వచ్చి, ఏ తప్పూ చేయని తన బిడ్డను ఎందుకు కొట్టారని ప్రశ్నించింది. మంచిచెడుల విచక్షణ లేకుండా సాధువులకు, పేదలకు కీడు చేసేవారికి కారణం తెలియని భయాలు కలుగుతాయని హెచ్చరించింది.

ఈ ఘట్టాన్ని నీతికథగా మాత్రమే చూడటం పరిపాటి. కాని ఇందులో దుఃఖం ఫిర్యాదుగా మారిన తీరు ముఖ్యమైనది. సరమ ఏడ్చి వెళ్లిపోలేదు, న్యాయం అడిగింది. పైగా తన బిడ్డకు జరిగిన అన్యాయాన్ని పేదలందరికీ జరిగే అన్యాయంతో కలిపి చెప్పింది. రాజు కూడా ఆ మాటను కొట్టిపారేయలేదు. శాంతి కోసం తగిన పురోహితుణ్ణి వెతుక్కొంటూ వెళ్లాడు.

4. ధర్మరాజు: బతికున్నదాన్ని విడవకపోవడం:

భారతం చివరలో మరో శునకం కనిపిస్తుంది. తిక్కన తెనిగించిన మహాప్రస్థానికపర్వంలో ధర్మరాజు వెంట చివరి వరకు నడిచినది అదే. దాన్ని విడిచి స్వర్గానికి రమ్మని ఇంద్రుడు పిలిచినా ధర్మరాజు ఒప్పుకోలేదు. తమ్ములను, ద్రౌపదిని దారిలో విడిచినవాడు కుక్కను విడవలేడా అన్న ప్రశ్నకు భారతకథలో సమాధానం ఉంది. మరణించినవారిని తిరిగి తేలేము గనుక వారిని విడిచాడు. బతికి ఉండి తనను నమ్మినదాన్ని విడవడం పాపమన్నాడు.

జబ్బుపడిన జంతువును చూసుకొనేవారికి ఈ భేదం లోతైనది. బాగు కాదని తెలిసినా ఊపిరి ఉన్నంతవరకు దగ్గర ఉండటం ఒక ధర్మం. ఊపిరి పోయిన తరువాత విడవగలగడం మరొక ధర్మం. మొదటిది నిర్వర్తించినవారికి రెండవది సాధ్యమవుతుందని ఈ కథను అన్వయించుకోవచ్చు.

5. సూరి నాగమ్మ లేఖలు: పరామర్శగా రచన:

పురాణకథ నుంచి ప్రత్యక్షానుభవానికి వస్తే, ఈ విషయంలో విలువైన తెలుగు రచన సూరి నాగమ్మ లేఖలు. గుంటూరు జిల్లా కొలనుకొండలో 1902లో పుట్టి, బాల్యంలోనే వైధవ్యం పొందిన నాగమ్మ తిరువణ్ణామలైలోని రమణాశ్రమం నుంచి 1945 మొదలుకొని తన అన్నకు లేఖలు రాసింది. ఆశ్రమంలోని లక్ష్మి అనే ఆవు చివరి ఘడియలను వాటిలో వర్ణించింది. రమణమహర్షి గడ్డిపై కూర్చుని ఆవు ముఖాన్ని నిమరడం, ఒక చేతిని తలపై ఉంచి మరొక చేతితో గొంతు నుంచి గుండె వరకు తడమడం, 'అమ్మా' అని పలకరించడం అందులో కనిపిస్తాయి. 1922లో తల్లి మరణించినప్పుడు కూడా ఆయన ఇలాగే తలపై, గుండెపై చేతులుంచాడు.

లక్ష్మి 1948 జూన్ 18న మరణించింది. ఆశ్రమ ప్రాంగణంలో సమాధి కట్టారు. సంవత్సరం, మాసం, తిథి, వారం, నక్షత్రాలతో ఆమె విముక్తిని పేర్కొనే తమిళపద్యాన్ని రమణులే రచించారు. మనుషుల మరణానికి వాడే కాలగణన, మనుషులకు వాడే 'విముక్తి' శబ్దం ఒక ఆవుకు దక్కాయి.

గోవు పవిత్రత వల్లనే ఇది సాధ్యమైందని ఆక్షేపించవచ్చు. కాని ఆ సమాధి పక్కనే జాకీ అనే కుక్కకు, ఒక జింకకు, ఒక కాకికి కూడా సమాధులున్నాయి. రమణులు జంతువులను తమిళంలో 'అదు' అనక, 'అవన్', 'అవళ్' అని మనుషులకు వాడే సర్వనామాలతోనే ప్రస్తావించేవారని ఆయన జీవితచరిత్రకారులు నమోదు చేశారు. కాబట్టి ఇక్కడి గుర్తింపుకు ఆధారం జాతి కాదు, అనుబంధం.

లేఖాప్రక్రియ కూడా గమనించదగినది. జంతువు మరణానికి పరామర్శించేవారు ఉండరు. లేఖలో మాత్రం వినడానికి ఒక అన్న ఉన్నాడు. ఆ ఆత్మీయత వల్లనే నాగమ్మ ఆడంబరం లేకుండా, క్షమాపణ లేకుండా, జరిగింది జరిగినట్లు చెప్పగలిగింది.

6. కారంచేడు: ఒక ఆక్షేపణ:

ఈ వాదానికి మరింత బలమైన ఆక్షేపణ సమాజం నుంచే వస్తుంది. మనుషుల చావుకే గౌరవం దక్కని చోట జంతువు కోసం ఏడవడం సంపన్నుల సౌఖ్యం కాదా? నేటి బాపట్ల జిల్లాలోని కారంచేడు ఈ ప్రశ్నను తప్పించుకోనివ్వదు. గేదెలను తోలుకొచ్చిన యువకులు మాదిగల తాగునీటి చెరువును మలినం చేయడం, కత్తి చంద్రయ్య అభ్యంతరపెట్టడం, మున్నంగి సువార్త ఎదురు నిలవడం అక్కడి ఘర్షణకు నాంది. 1985 జూలై 17న జరిగిన దాడిలో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. బతికినవారు చీరాలకు చేరి న్యాయం కోసం పోరాడారు. ఆ పోరాటం నుంచి దళిత మహాసభ రూపొందింది.

పశువుకు నీరు పెట్టే చేతికి, ఆ నీరే తాగే మనిషి కనిపించకపోవడం ఇక్కడి విషాదం. గబ్బిలం ప్రవేశించగల గుడిలోకి మనిషి ప్రవేశించలేడన్న వాస్తవాన్ని జాషువ 1941లోనే 'గబ్బిలం' కావ్యానికి ఇతివృత్తం చేశాడు. అయితే ఈ ఆక్షేపణ పెంపుడు జీవిపట్ల ప్రేమను రద్దు చేయదు, దానికి ఒక కొలబద్దను ఇస్తుంది. సరమ మాటల్లో కుక్కపిల్ల, పేదవాడు ఒకే వాక్యంలో ఉన్నారు. వారిని విడదీసిన కరుణ అసంపూర్ణం.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతాయి. జబ్బుపడిన జీవిని చివరి వరకు విడవకపోవడం, స్పర్శతో సాగనంపడం, పేరును, తేదీని నిలుపుకోవడం దుఃఖాన్ని భరించే మార్గాలుగా ఈ రచనల్లో కనిపిస్తాయి. ఆ దుఃఖాన్ని వినే మనిషి అవసరమని నాగమ్మ లేఖలు సూచిస్తాయి. ఏ చావుకు ఏడవవచ్చో నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్న వద్ద పెంపుడు జంతువు మరణం సామాజిక న్యాయంతో కలుస్తుంది. 'కుక్కచావు' అనే మాటను తిట్టుగా వాడటం మానడం కుక్కకు మాత్రమే గౌరవం కాదు. ఏడ్చేవారు లేకుండా ఏ ప్రాణీ పోకూడదని ఒప్పుకోవడం కూడా.